ఊరికొచ్చే బస్సా, ఇంటికొచ్చే నర్సమ్మా, జీజీహెచ్ ఓపీనా: క్యాన్సర్ పరీక్షకు మన పల్లెలకు ఏది మేలు?

కర్నూలు జిల్లా పడమటి వైపు ఆదోని, కోసిగి, హొళగుందల్లో ఆడవాళ్ల క్యాన్సర్ పరీక్షల మాటెత్తితే మూడు దారులు వినిపిస్తాయి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) బస్సుతో, బ్యానర్లతో ఏడాదికో రెండేళ్లకో ఊళ్లోకి దిగే పెద్ద క్యాంపు ఒకటి. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఏఎన్ఎం, అంటే ఊరి నర్సమ్మ, ఇంకొకటి. ఈ రెండూ కాదనుకుంటే పొద్దున్నే బస్సెక్కి కర్నూలు జీజీహెచ్‌కు, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, పోవడం. ఏది మేలని అడిగితే ఎక్కువమంది క్యాంపుకే ఓటేస్తారు. పెద్ద డాక్టర్లు వస్తారు, మిషన్లు వస్తాయి, ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి. నా ఓటు మాత్రం అటు కాదు.

ముందు ఎవరికి మేలు అన్నది తేల్చుకోవాలి. కర్నూలు బి.క్యాంపులో ఉండే ఉద్యోగి భార్యకు ఏ దారైనా పెద్ద తేడా రాదు. ఆమెకు కార్డుంది, కారుంది, రిపోర్టు చదివిపెట్టే కొడుకున్నాడు. నేను లెక్క చూస్తున్నది కోసిగి పక్క పల్లెలో నలభై అయిదేళ్ల కూలీ మనిషికి. పత్తి తీతకు పోతేనే పూట గడుస్తుంది. చదువు రాదు. ఇంట్లో కన్నడమో ఉర్దూనో లంబాడీ మాటో నడుస్తుంది. ఫోను మొగుడి జేబులో ఉంటుంది. ఆమెకు రొమ్ము క్యాన్సరో గర్భాశయ ముఖద్వార క్యాన్సరో వస్తే, అది ముదిరాక కాకుండా మొదట్లోనే దొరకాలి, దొరికాక వైద్యం పూర్తిగా అందాలి. ఈ రెండూ ఏ దారిలో జరుగుతాయి అన్నదే నా కొలత. ఎన్ని వేలమందికి పరీక్ష చేశామన్న ప్రెస్‌నోటు కొలత కాదు.

పరిస్థితి ఎంత వెనకబడి ఉందో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. రొమ్ము పరీక్షయితే 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు.

క్యాంపు: వచ్చినంత వేగంగా వెళ్లిపోతుంది

క్యాంపును తీసిపారేయలేం. మామోగ్రామ్ అనేది ఏఎన్ఎం సంచిలో పట్టేది కాదు, బస్సులో రావాల్సిందే. ఊరంతా ఒకేరోజు కదిలితే సిగ్గు కూడా కొంత తగ్గుతుంది. పక్కింటావిడ లైన్లో నిలబడితే మన కాళ్లూ కదులుతాయి.

చిక్కంతా మర్నాడు మొదలవుతుంది. నేను చూసిన ఒక క్యాంపు స్కూల్లో పెట్టారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు, ఒక తరగతి గదిని రెండు చేశారు. గంటకు ఎంతమందిని చూశారో లెక్క లేదు. అనుమానం ఉన్నవాళ్ల చేతికి చిన్న చీటీ ఇచ్చారు. దాని మీద ఇంగ్లిషులో ఒకే వాక్యం, పై ఆసుపత్రికి వెళ్లమని. ఏ ఆసుపత్రి, ఏ రోజు, ఎవరిని కలవాలి, ఏం తీసుకుపోవాలి? ఏదీ లేదు. ఒకావిడ ఆ చీటీని ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో దాచింది. బాగుందని రాసిచ్చారనుకుంది. చీటీ ఇచ్చినవాళ్ల బస్సు ఆ సాయంత్రమే ఇంకో మండలానికి పోయింది. ఆమె వెళ్లిందా లేదా అని కనుక్కోవాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు.

ఇంకో సంగతి. క్యాంపుకు ఎవరొస్తారు? ఊరి నడుమ ఉండేవాళ్లు, సంఘం మీటింగులకు పోయే అలవాటున్నవాళ్లు. తండాలో ఉన్న లంబాడీ ఆడమనిషి, పరదా పాటించే ఇంటి కోడలు, నల్లమల గూడెంలోని చెంచు మహిళ బ్యానర్ చూసి రారు. ఎవరికి అసలు అవసరమో వాళ్లే మిగిలిపోతారు. అంకెలు మాత్రం ఘనంగా కనిపిస్తాయి.

ఇంటికొచ్చే ఏఎన్ఎం

2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఈ మూడు క్యాన్సర్లకూ ఊళ్లలోనే పరీక్ష జరగాలి. మన రాష్ట్రంలో 2024 చివర్లో దీన్ని ఇంటింటి సర్వేగా మొదలుపెట్టారు. ఏఎన్ఎం, ఆశా వచ్చి అడిగి, అనుమానం ఉంటే పీహెచ్‌సీకి పంపుతారు.

ఈ దారిలో అన్నిటికంటే బాగా పనిచేసేది నోటి పరీక్ష. టార్చి, చేతికి గ్లవ్, వెలుతురున్న చోట ఒక స్టూలు. అంతే. వక్కాకులో పొగాకు నమిలేవాళ్లకు, ఖైనీ దవడకు పెట్టుకునేవాళ్లకు ముందు పెదవి లోపలి భాగం, దవడల లోపలి గోడలు, నాలుక పక్కలు, నాలుక కింద చూస్తారు. తుడిచినా పోని తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే పంపాల్సిందే. తర్వాత నోరు తెరవమని చెప్పి, వాళ్ల వేళ్లే మూడు కలిపి నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోమంటారు. మూడు వేళ్లు పట్టకపోతే గుట్కా వక్క తిని లోపలి చర్మం బిగుసుకుపోతోందన్నమాట. ఇది చదువుతున్నవాళ్లు కూడా ఇప్పుడే పెట్టి చూసుకోవచ్చు. తిరువనంతపురం జిల్లాలో ఇలాగే శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. ఏ మిషనూ లేకుండా.

రొమ్ము పరీక్షలోనూ చేతి పరీక్షను చిన్నచూపు చూడనక్కర్లేదు. ముంబయి మురికివాడల్లో శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తూ పోయారు. ఆ ఆడవాళ్లను 20 ఏళ్ల పాటు గమనించి 2021లో ఫలితం చెప్పారు. గడ్డలు ముదరకముందే దొరికాయి. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో ఆ లాభం కనబడలేదు, అది కూడా చెప్పాలి.

ఏఎన్ఎంకు ఉన్న అసలు బలం వేరే. ఆమె మళ్లీ వస్తుంది. "ఏం అత్తా, కర్నూలుకు పోయినావా లేదా?" అని వాకిట్లో నిలబడి అడుగుతుంది. "నొప్పే లేదు కదమ్మా, దానికెందుకు టెన్షన్" అంటే, నొప్పి లేని గడ్డే ముందు చూపించుకోవాలని చెబుతుంది. కొడుకు దగ్గర ఒకసారి, కోడలి దగ్గర ఒకసారి చెబుతుంది. ఆ ఇంటి కన్నడమో ఉర్దూనో వచ్చిన ఆశా అయితే పని ఇంకా తేలిక. ఆదోని పాత పేటలో ఆపా అని పిలిచి లోపలికి పోగలిగిన మనిషి చేసే పని, స్పెషలిస్టు డాక్టరు మైకులో చెప్పినా కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏఎన్ఎం మీద టీకాలు, గర్భిణుల లెక్క, బీపీ షుగర్, యాప్‌లో ఎంట్రీలు అన్నీ ఉన్నాయి. రోజుకిన్ని ఇళ్లని టార్గెట్ పెడితే రొమ్ము పరీక్ష కాస్తా "గడ్డలేమన్నా ఉన్నాయా అక్కా?" "లేవు" అనే రెండు మాటలతో ముగుస్తుంది. యాప్‌లో మాత్రం పరీక్ష జరిగినట్టే ఉంటుంది. గర్భాశయ ముఖద్వార పరీక్ష ఇంట్లో జరిగేది కాదు, దానికి పీహెచ్‌సీకి రావాల్సిందే.

పైగా మా పడమటి మండలాలకు సుగ్గి, అంటే పనుల వలస, ఉంది. పంట చేతికి రాని ఏడు మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోతాయి. జనవరి నుంచి మార్చి దాకా కొన్ని వీధుల్లో ఇళ్లకు తాళాలే. ఆ నెలల్లో సర్వే పెట్టి తలుపు మూసి ఉందని రాసుకుపోతే, ఊళ్లో అందరికంటే పేదవాళ్లనే వదిలేసినట్టు. వానాకాలం విత్తనాలు పడిన తర్వాతో, ఉగాదికి జనం తిరిగొచ్చాకో పెడితే అదే ఏఎన్ఎం, అదే టార్చి రెట్టింపు పని చేస్తాయి. దీనికి కొత్తగా బడ్జెట్ అక్కర్లేదు, క్యాలెండర్ మారిస్తే చాలు.

నేరుగా జీజీహెచ్

ఏ బాధా లేని మనిషి ఊరికే పరీక్ష కోసం వంద కిలోమీటర్లు వచ్చి ఓపీ లైన్లో నిలబడడం జరిగే పని కాదు. కూలీ పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఛార్జీ భారం కొంత తగ్గింది, పోయే రోజు కూలీ మాత్రం తగ్గలేదు.

లక్షణం ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, భార్యాభర్తలు కలిశాక రక్తం, మానని నోటి పుండు. వీటిలో ఏదున్నా క్యాంపు కోసం ఎదురుచూడొద్దు, ఏఎన్ఎం కోసమూ ఎదురుచూడొద్దు. ఇది ఏ బాధా లేనివాళ్లకు చేసే స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. నేరుగా పోవాలి.

వెనిగర్ పరీక్షా, హెచ్‌పీవీ పరీక్షా?

గర్భాశయ ముఖద్వారానికి పీహెచ్‌సీల్లో ఎక్కువగా చేసేది వీఐఏ. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిది, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లబడుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం అక్కడికక్కడే. అయితే చూసే కన్నును బట్టి ఫలితం మారుతుంది. ముట్లు ఆగినవాళ్లలో చూడాల్సిన చోటు లోపలికి పోతుంది కాబట్టి సరిగా తేలదు.

ఈ పరీక్ష మీద మన దేశంలోనే జరిగిన మూడు పెద్ద అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూడండి. తమిళనాడు దిండిగల్‌లో నర్సులు ఒక్కసారే చేశారు. తెల్లమచ్చ కనిపించినవాళ్లకు అదే రాకలో బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేసి, తగినవాళ్లకు ఆ చోటును గడ్డకట్టించి పోగొట్టే క్రయో చికిత్స కూడా అక్కడే ఇచ్చారు. చావులు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. ముంబయిలో రెండేళ్లకోసారి, నాలుగు విడతలు చేశారు. 31 శాతం తగ్గాయి. మహారాష్ట్ర ఉస్మానాబాద్‌లో ఒక్కసారి చేసిన వీఐఏ చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. అక్కడే హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష, ఒక్కసారి చేసిన పల్లెల్లో మాత్రం చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఇది 2009 ఫలితం.

దీన్నుంచి నాకు అర్థమయ్యేది ఇది. వీఐఏ చేస్తే అప్పటికప్పుడే చికిత్స ఉండాలి, లేదా మళ్లీ మళ్లీ చేయాలి. ఒక్క రోజు క్యాంపులో రెండూ కుదరవు. ఆ ఊళ్లోకి ఒకే ఒక్కసారి రాగలిగితే మాత్రం హెచ్‌పీవీ పరీక్షే పట్టుకురావాలి. దీంట్లో ఇంకో సౌకర్యం ఉంది. నమూనాను ఆడవాళ్లే చాటుగా, చిన్న బ్రష్‌తో తీసి ఇవ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని ఒప్పుకుంది. బల్ల మీద పడుకోవడానికి ఒప్పుకోని కోడలు, తండా నుంచి కదలని అవ్వ ఇద్దరికీ ఇది అందుతుంది. వైరస్ లేదని తేలితే అయిదేళ్ల దాకా మళ్లీ చేయించుకోనక్కర్లేదు, సుగ్గికి నిశ్చింతగా పోవచ్చు. ధర ఎక్కువ, ఫలితం ల్యాబు నుంచి రావాలి, ఆ ఫలితాన్ని ఇంటికి చేర్చాల్సింది మళ్లీ ఏఎన్ఎమ్మే. అయినా పడమటి కర్నూలుకు మామోగ్రామ్ బస్సు కంటే ముందు ఇది రావాలంటాను.

దొరికాక ఎక్కడ?

ఇది వేరే వ్యాసమంత ఉంది, ఇక్కడ ఒక్క మాట. ఆదోని వాళ్లకు బళ్లారి దగ్గర, పనుల వల్ల బెంగళూరు అలవాటు. డబ్బున్న బంధువులు హైదరాబాదంటారు, కడప వైపు వాళ్లు తిరుపతిలోని స్వీకార్ క్యాన్సర్ ఆసుపత్రి అంటారు. ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, ఆపైన లోపలి నుంచి ఇచ్చే విడతలు. మొత్తం ఎనిమిది వారాల్లోపు ముగియాలి, మధ్యలో ఆగితే ఫలితం తగ్గుతుంది. అన్ని వారాలు పరాయి ఊళ్లో గది అద్దె కట్టలేక సగంలో తిరిగొచ్చేవాళ్లకు ఎంత పేరున్న ఆసుపత్రైనా ఏం లాభం? అందుకే మొదట కర్నూలు జీజీహెచ్ ఆవరణలోని రాష్ట్ర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో అడగాలి. రేడియేషన్ తేదీ ఎప్పుడిస్తారో అక్కడే తేల్చుకోవాలి. తేదీ మరీ దూరమైతే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయి, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఇదే వైద్యం ఇంకెక్కడ దొరుకుతుందో, సరిహద్దు దాటితే చెల్లుతుందో లేదో ఆసుపత్రి పేరుతో సహా రాయించుకోవాలి. బళ్లారికైనా బెంగళూరుకైనా ఆ తర్వాతే బస్సెక్కాలి.