రైమ్స్‌లో సెల్లార్‌కి 34 యూరోలు, కెథడ్రల్‌కి సున్నా

పారిస్ నుంచి రైల్లో ఒక్కరోజులో వెళ్లొచ్చే ఊరేదని అడిగితే రైమ్స్ అనే చెబుతాను. కానీ మందు ముట్టని పెద్దవాళ్లు వెంట ఉంటే షాంపేన్ సెల్లార్, అంటే సీసాలు దాచే నేలమాళిగ, దాని టికెట్ జోలికి మాత్రం పోకండి.

ప్రయాణం హాయిగానే సాగింది. పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషన్‌లో టీజీవీ అనే స్పీడు రైలు ఎక్కితే ముప్పావుగంట. ముందే బుక్ చేయడంతో మనిషికి రానూపోనూ 44 యూరోలు పడింది. బుకింగ్‌లో స్టేషన్ పేరు చూసుకోండి. 'షాంపేన్-ఆర్డెన్ టీజీవీ' ఊరి బయటి స్టేషన్, అక్కడ దిగితే మళ్లీ ట్రామో లోకల్ రైలో ఎక్కాలి. సెంటర్ స్టేషన్‌లో దిగితే కెథడ్రల్‌కి, అదే ఊళ్లోని పెద్ద చర్చికి, పావుగంట నడక.

ఇక సెల్లార్ సంగతి. పేరున్న కంపెనీయే. మనిషికి 34 యూరోలు, నలుగురికి 136. అత్తయ్యగారు చుక్క ముట్టరు కదా, ఆవిడకి టేస్టింగ్ లేని టికెట్ ఉందా అని మా తోడల్లుడు ఫ్రెంచిలో అడిగాడు. లేదట. పోనీ ద్రాక్షరసం? అదీ లేదట, మంచినీళ్లు ఇస్తామంది కౌంటర్లో అమ్మాయి. "గ్లాసుడు నీళ్లకి అంత డబ్బా!" అని అత్తయ్యగారు తెలుగులో అన్నారు గానీ, ఆ అమ్మాయికి భావం అందినట్టే ఉంది, మొహం తిప్పేసుకుంది. లిఫ్టు లేదన్న ముక్క డబ్బు కట్టించుకున్నాక చెప్పారు. మెట్లు దిగేసరికి మోకాళ్లు పట్టేశాయి ఆవిడకి. లోపల పది డిగ్రీల చలి, శాలువా చేతిసంచీతో సహా పైన లాకర్లో ఉండిపోయింది. దాంతో మా ఆవిడ కూడా నాతో మాట్లాడటం మానేసింది.

చూడటానికి బాగుందా అంటే, బాగుంది. రోమన్ల కాలంలో సుద్దరాయి తవ్వుకున్న గోతులవి. గోడ మీద చెయ్యి పెడితే తడితడిగా తెల్లపొడి వేళ్లకంటుకుంటుంది. చెక్క స్టాండ్లలో సీసాలు మూతి కిందికి వాల్చి ఉంటాయి. వాటిని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే లోపలి ఈస్టు మడ్డి మూతి దగ్గరికి దిగుతుంది, దాన్ని తీసేసి కార్కు బిగిస్తారు. మామూలు షాంపేన్‌ని కూడా కనీసం 15 నెలలు ఉంచాకే అమ్మాలని రూలు. ఇదంతా గైడు రైలు అందుకోవాలన్నట్టు ఊదరగొట్టి పంపేసింది. చివర్లో చిన్న గ్లాసు. అత్తయ్యగారి వాటా కూడా తాగిన తోడల్లుడొక్కడే ఖుషీ.

బయటికొచ్చేసరికి రెండు దాటింది, ఎక్కడ చూసినా వంటగది కట్టేశారు. సంచీలోని నిమ్మకాయ పులిహోరే గతి. గులాబీ రంగు బిస్కెట్లు ఇక్కడ ఫేమస్, కానీ వాటిలో గుడ్లుంటాయి, శాకాహారులు గుర్తుంచుకోండి.

కెథడ్రల్‌తో రోజు నిలబడింది. 1211లో మొదలుపెట్టిన కట్టడం, ఫ్రాన్స్ రాజుల పట్టాభిషేకాలు జరిగిన చోటు. 1429లో ఏడో చార్లెస్‌కి కిరీటం పెడుతున్నప్పుడు ఫ్రెంచి సైన్యాన్ని యుద్ధంలో నడిపించిన అమ్మాయి జోన్ ఆఫ్ ఆర్క్ పక్కనే నిలబడింది. ముందు వైపు ఎడమ ద్వారం దగ్గర నవ్వే దేవదూత బొమ్మ ఉంది. 1914లో జర్మన్ ఫిరంగుల దాడికి కెథడ్రల్ తగలబడినప్పుడు దాని తల ఊడి పడి ముక్కలైతే, తర్వాత అతికించి మళ్లీ పెట్టారు. తల కొంచెం పక్కకి వాల్చి, ఏదో గుట్టు తెలిసినట్టు పెదవి చివరతో నవ్వుతుంది. "పక్కింటి పిల్లలా ఉంది" అన్నారు అత్తయ్యగారు. పొద్దున్నుంచి ఆవిడ నోట వచ్చిన మొదటి మంచి మాట అదే. లోపల చివరికంటా వెళ్లండి, అక్కడ చిత్రకారుడు షగాల్ గీసిన నీలం రంగు కిటికీ అద్దాలు ఉంటాయి, 1974లో పెట్టారు. ఎండ పడితే ఆ నీలం చూసి తీరాలి. ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని అరగంట దాకా లేవలేదు. పైసా టికెట్ లేదు.

షాంపేన్ రుచి చూడాలంతే అనుకుంటే, స్టేషన్ దారిలో ద్రువే దెర్లాన్ అనే చోట బార్లున్నాయి. తిరుగు రైలుకి ముందు తోడల్లుడు అక్కడ 11 యూరోలకి ఇంకో గ్లాసు తాగాడు, సెల్లార్‌లో పోసినదానికంటే అదే నిండుగా ఉంది. అత్తయ్యగారికి వేడి కాఫీ, 3 యూరోలు.