గ్రీమ్స్‌పేట ఇంటి కెమెరాలను మళ్లీ ఫోన్‌లోకి తెచ్చిన దుకాణం

మా అమ్మ చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒంటరిగా ఉంటుంది. నేను ఉద్యోగరీత్యా తిరుపతి ఎం.ఆర్.పల్లెలో ఉంటున్నాను. రెండు ఊళ్ల మధ్య 70 కిలోమీటర్ల వరకు దూరం ఉంది కాబట్టి పనిదినాల్లో వెళ్లి చూసి రావడం కుదరదు. అందుకే రెండేళ్ల క్రితం ఆ ఇంటికి గేటు దగ్గర, వసారాలో, పెరట్లో, మిద్దె మెట్ల దగ్గర నాలుగు కెమెరాలు, వాటన్నిటికీ కలిపి ఒక రికార్డరు పెట్టించాము. ఉదయం ఆరు గంటలకు అమ్మ వాకిట్లో ముగ్గు వేయడం ఫోన్‌లో కనిపిస్తే ఆ రోజుకు నాకు మనసు కుదుటపడుతుంది.

ఈ జూన్‌లో ఆ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాము. కొత్త ఫైబర్ మోడెం బిగించిన రోజు నుంచే నా ఫోన్‌లో నాలుగు కెమెరాలకూ ‘ఆఫ్‌లైన్’ అన్న మాట తప్ప మరొకటి కనిపించలేదు. ఇంట్లో టీవీకి కలిపిన తెర మీద మాత్రం బొమ్మలు నిక్షేపంగా వస్తున్నాయి. మొదట కెమెరాలు బిగించిన వ్యక్తికి ఫోన్ చేస్తే, కొత్త మోడెంలో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును రికార్డరుకు మళ్లించే ఏర్పాటు) చేయించాలి, అది ఇంటర్నెట్ వాళ్ల పని అన్నాడు. ఇంటర్నెట్ వాళ్లను మూడుసార్లు అడిగితే, నెలనెలా అదనంగా డబ్బు కట్టి మన కనెక్షన్‌కు మాత్రమే చెందే ప్రత్యేకమైన ఐ.పి. అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) తీసుకుంటే తప్ప కుదరదన్నారు. మళ్లీ మొదటి వ్యక్తినే అడిగితే, రికార్డరులో నెట్‌వర్క్ పోర్టు (మోడెం తీగ గుచ్చే చోటు) కాలిపోయి ఉంటుంది, కొత్త రికార్డరుకు 9,500 రూపాయలు అవుతుందని, ఇంటికి రాకుండానే తేల్చేశాడు. ఇలా 22 రోజులు గడిచాక, మా అమ్మ ఇరుగుపొరుగు వాళ్లు చెప్పగా, హై రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉన్న ఈ దుకాణానికి వెళ్లాను. ఇదే చిక్కులో ఉన్నవాళ్లకు పనికి రావాలని అక్కడ అందిన సేవను వివరంగా రాస్తున్నాను.

దుకాణం నుంచి వచ్చిన అబ్బాయికి పాతికేళ్లు ఉంటాయి. కొత్త సామాను ఏదీ వెంట తేకుండా ఒక లాప్‌టాప్, ఒక కేబుల్ టెస్టరు, కొన్ని కనెక్టర్లు మాత్రమే తెచ్చాడు. ముందుగా టీవీ తెర మీద నాలుగు కెమెరాలూ చూసి, ముందురోజు రికార్డింగును ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. కెమెరాలు, వాటి తీగలు, హార్డ్ డిస్కు అన్నీ పనిచేస్తున్నాయని అంతటితోనే రూఢి అయింది. తరువాత రికార్డరు వెనుక, మోడెంకు వెళ్లే తీగ దగ్గర లైటు మిణుకుతోందా అని చూశాడు. అది మిణుకుతూనే ఉంది, అంటే పోర్టు కాలిపోయిందన్న మాట నిజం కాదు. అమ్మ పక్కనే నిలబడి, “ఏం నాయనా, టీవీలో బాగానే కనపడతా ఉండాది గదా, ఫోన్లో ఎందుకు రాదు?” అని అడిగితే, “ఇల్లు బాగానే ఉండాది అవ్వా, వీధిలోకి పొయ్యే దోవే తప్పింది” అన్నాడు. జరిగింది సరిగ్గా అదే.

రికార్డరు మెనూలో నెట్‌వర్క్ పేజీ తెరిచి చూపించాడు. పాత కనెక్షన్ ఉన్నప్పుడు రికార్డరుకు 192.168.0.150 అన్న అడ్రసును మార్పు లేకుండా కట్టేసి, బయటికి దారిచూపే గేట్‌వేగా 192.168.0.1 అని రాసి పెట్టారు. కొత్త మోడెం మాత్రం తనను 192.168.1.1 అని పిలుచుకుంటూ, ఇంట్లోని ఫోన్లకు 192.168.1 తో మొదలయ్యే అడ్రసులు ఇస్తోంది. చూడడానికి ఒక్క అంకె తేడాయే అయినా అవి రెండు వేర్వేరు వరుసలు. రికార్డరు తన గేట్‌వే కోసం వెతుకుతున్న చోట ఏ పరికరమూ లేదు కాబట్టి అది ఇంటర్నెట్‌కే కాదు, అదే ఇంట్లో వైఫై మీద ఉన్న ఫోనుకు కూడా అందడం లేదు. అతను మొదట, మోడెం నుంచి అడ్రసు దానంతట అదే తీసుకునే డి.హెచ్.సి.పి. ఆన్ చేసి, మోడెం తానుగా ఏ అడ్రసు ఇస్తుందో, గేట్‌వే, సర్వర్ల పేర్లను అడ్రసులుగా మార్చే డి.ఎన్.ఎస్. ఏమి వస్తున్నాయో చూసి రాసుకున్నాడు. ఆ తరువాతే 192.168.1.200 అని స్థిరమైన అడ్రసు పెట్టి, మోడెం ఇతర పరికరాలకు పంచే అడ్రసులను 150తో ఆపేశాడు. అలా ఆపకపోతే ఏదో ఒక రోజు వచ్చిన చుట్టాల ఫోనుకు అదే 200 దక్కి, రెండూ ఒకే అడ్రసు కోసం కొట్టుకుని కెమెరాలు మళ్లీ మాయమవుతాయట. డి.ఎన్.ఎస్. గడి అంతకుముందు ఖాళీగా ఉంది. గేట్‌వే సరిపోయినా ఆ గడి ఖాళీగా ఉంటే కంపెనీ సర్వరు పేరు రికార్డరుకు అడ్రసుగా మారదు, ఆఫ్‌లైన్ అన్న మాట పోదు. ఈ మొత్తం పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది, రికార్డరు తెర మీద ‘ఆన్‌లైన్’ అని వచ్చింది.

అప్పుడు నేను పోర్ట్ ఫార్వర్డింగ్ సంగతి అడిగాను. దానికి అతను ఇచ్చిన వివరణ ఈ సేవలో నాకు చాలా నచ్చిన భాగం. మోడెం స్టేటస్ పేజీలో బయటి వైపు అడ్రసు 100.72 తో మొదలవుతోంది. ఫోన్‌లో, మన అడ్రసు ఏమిటో చెప్పే వెబ్‌సైటు తెరిస్తే పూర్తిగా వేరే అడ్రసు కనిపించింది. పాత పద్ధతి ఐ.పి. అడ్రసులు మొత్తం కలిపినా 429 కోట్లే ఉంటాయి, అవి ప్రపంచానికి చాలవు. అందువల్ల 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసను 2012లో ప్రత్యేకంగా ఇంటర్నెట్ సంస్థలు తమ లోపల వాడుకోవడానికి కేటాయించారు. అలాంటి అడ్రసు వచ్చిన ఇంటి మోడెంకు పైన, సంస్థ దగ్గర మరొక పెద్ద రూటరు ఉంటుంది, ఎన్నో ఇళ్లు ఒకే బయటి అడ్రసును పంచుకుంటాయి. మన మోడెంలో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి వచ్చే పిలుపు పైనే ఆగిపోతుంది. కాబట్టి మొదటి వ్యక్తి చెప్పిన ఉపాయం ఈ కనెక్షన్ మీద ఎన్నటికీ పనిచేయదు, నెలకు అదనంగా కట్టే అవసరమూ లేదు. రికార్డరే లోపలి నుంచి తన కంపెనీ సర్వరుకు కనెక్షన్ తీసుకుని, మన ఫోను అదే సర్వరు ద్వారా దానిని కలుసుకునే పీ టు పీ పద్ధతి ఇక్కడ చాలు. ఇంత స్పష్టంగా మోడెం పేజీ, ఫోను పక్కపక్కన పెట్టి చూపించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు, అంతకుముందు 22 రోజుల్లో ఎవరూ ఆ పది నిమిషాలు కేటాయించలేదు.

రికార్డరు మీద ఉన్న క్యూ.ఆర్. కోడ్‌ను నా ఫోన్‌తో స్కాన్ చేసినప్పుడు అసలు విషయం బయటపడింది. ఈ పరికరం ఇప్పటికే మరొక ఖాతాలో ఉందని యాప్ చెప్పింది. రెండేళ్ల క్రితం బిగించిన వ్యక్తి రికార్డరును తన సొంత ఖాతాలో నమోదు చేసుకుని, నాకు కేవలం చూసే వీలు పంచాడట. అంటే ఈ రెండేళ్లూ మా అమ్మ వాకిలి, వసారా, పెరడు మాకు పరిచయం అంతగా లేని ఒక మనిషి ఫోన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకునేలా ఉన్నాయి. అతను చూశాడని నేను అనడం లేదు, కానీ చూడగలిగే స్థితి ఉండడమే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఈ దుకాణం అబ్బాయి ఆ వ్యక్తికి నా ముందే ఫోన్ చేసి, ఏ గొడవా పెట్టుకోకుండా మర్యాదగా మాట్లాడి, అతని ఖాతా నుంచి రికార్డరును తీసేయించి, నా పేరుతో నమోదు చేయించాడు. తన ఫోన్‌తో ఒక్కసారి కూడా ఆ కోడ్‌ను స్కాన్ చేయలేదు. తరువాత కొత్త పాస్‌వర్డ్ పెట్టే సమయానికి కీబోర్డు నా చేతికి ఇచ్చి, తను ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. ఎవరైనా కెమెరాలు పెట్టించుకుంటే ఆ రోజే, ఖాతా ఎవరి పేరు మీద ఉందో అడిగి తేల్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడాన్ని అతను ఐచ్ఛికంగా వదిలేయలేదు. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రికార్డర్లను లోబరచుకుని 2016 అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు అందకుండా చేసిన సంగతి తెలిసినవాళ్లకు ఈ జాగ్రత్త అతిగా అనిపించదు. రికార్డరు మనల్ని అడగకుండానే మోడెంలో పోర్టులు తెరిపించుకునే యు.పి.ఎన్.పి. అనే సదుపాయాన్ని కూడా ఆపేశాడు.

మిగిలిన చిన్న పనులను క్లుప్తంగా చెబుతాను. రికార్డింగు గడియారం భారత సమయానికి ఐదున్నర గంటలు వెనుక ఉంది, టైమ్ జోన్ మార్చి సరిచేశాడు. ఫోన్‌లో బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ప్రధాన స్ట్రీముకు బదులు తక్కువ నాణ్యతతో తేలికగా వచ్చే సబ్ స్ట్రీము ఎంచుకోవడం నేర్పాడు, రికార్డింగు మాత్రం పూర్తి నాణ్యతతోనే నిలుస్తుంది. కెమెరా అడ్రసును నేరుగా ఫోన్‌లో కొట్టి చూస్తే తెరుచుకోవడం లేదని నేను అంతకుముందు కంగారుపడ్డాను. కరెంటును కూడా అదే తీగ మీద పంపే పి.ఓ.ఇ. పోర్టులున్న ఇలాంటి రికార్డరులో కెమెరాలు దాని వెనుక సొంత నెట్‌వర్క్‌లో ఉంటాయని, రికార్డరు గుండానే వాటిని చూడాలని, అది లోపం కాదని తేలింది.

లోపాలు కూడా రాయాలి. బుధవారం వస్తామని చెప్పి గురువారం వచ్చారు, ఆలస్యం గురించి ముందుగా ఫోన్ చేయలేదు. మొదట ఇచ్చిన బిల్లులో ‘సర్వీసు 900’ అని ఒక్క మాటే ఉంది. అడిగాక రాక ఖర్చు 200, సెట్టింగులు 550, పెరటి తీగ చివర మార్చిన కనెక్టరు, కూలి కలిపి 150 అని విడదీసి రాసిచ్చారు. అడగకుండానే అలా రాసి ఇవ్వాలి. పెరటి కెమెరా తీగ ప్రహరీ గోడ మీద ఎండకు పడి ఉండడం చూసి, పైపులో వేయాలని చెప్పి, మళ్లీ వస్తామన్న రోజున రాలేదు. మన జిల్లాల ఎండలో అలా పడి ఉన్న తీగ పైతొడుగు ఎక్కువ కాలం నిలవదు.

దుకాణం వాళ్లు చివరలో ఒక కాగితం ఇచ్చారు. రికార్డరు అడ్రసు, గేట్‌వే, మోడెం అడ్రసు, ఏ పోర్టుకు ఏ కెమెరా కలిపారన్నది అందులో పెద్ద అక్షరాలతో ఉంది, పాస్‌వర్డ్ మాత్రం లేదు. అమ్మ దాన్ని బీరువా తలుపుకు లోపలి వైపు అంటించింది. మోడెంను కూడా రికార్డరు ఉన్న ఇన్వర్టరు లైన్ మీదికి మార్చమని వాళ్లు చెప్పిన మాట విని ఎలక్ట్రీషియన్‌తో మార్పించాను. గత వారం గ్రీమ్స్‌పేటలో రాత్రి రెండు గంటల పాటు కరెంటు పోయినా ఫోన్‌లో గేటు కెమెరా ఆగలేదు. పెరటి తీగకు పైపు వేసే పని ఇంకా మిగిలే ఉంది, దానికి కూడా వచ్చే ఆదివారం ఇదే దుకాణాన్ని రమ్మని చెప్పాను.