పులిహోర పోపుకి 60 యూరోలు: ఫెల్జర్‌వాల్డ్ కోటలు, మా అత్తగారు, ఒక ఇంటి ఓనరు

కోటల గురించి రాద్దామనే మొదలుపెట్టా గానీ, సగం మేం దిగిన ఇంటి ఓనరు గురించే ఉంటుంది, ముందే చెప్తున్నా. తిరిగొచ్చి రెండు వారాలైనా కడుపుమంట తగ్గలేదు మరి.

మేం ఉండేది జర్మనీలో మాన్‌హైమ్. రాజమండ్రి నుంచి మా అత్తగారు వచ్చి రెండు నెలలైంది, పాపం బాల్కనీ, సూపర్‌మార్కెట్ తప్ప ఏమీ చూడలేదు. 2025 అక్టోబర్ 3 శుక్రవారం జర్మన్ యూనిటీ డే సెలవు, శని ఆదివారాలు కలిపితే మూడు రోజులు, కార్లో గంట దూరంలో ఫెల్జర్‌వాల్డ్ అడవి కొండలు. ఫ్రాన్స్ వైపు వోజ్ అడవితో కలిపి యునెస్కో బయోస్ఫియర్ రిజర్వ్ ఇది, ఏ కొండెక్కినా దాని నెత్తిన ఒక మొండిగోడ కనపడుతుంది. గురువారం సాయంత్రం బయల్దేరి మూడు రాత్రులు ఉండేలా ఒక ఫెరీన్‌వోనుంగ్ బుక్ చేశా, అంటే హాలిడే అపార్ట్‌మెంట్, వంటిల్లు ఉంటుంది. అత్తగారు బయట తినరు కాబట్టి వంటిల్లు లేకుండా కుదరదు.

రాత్రికి 78 యూరోలు, మూడు రాత్రులకి 234. చవగ్గా ఉందే అనుకున్నా. తాళాలు ఇచ్చేటప్పుడు ఓనరు ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఫైనల్ క్లీనింగ్ 55, దుప్పట్లు తువాళ్ళు మనిషికి 12 చొప్పున 36, గెస్ట్ ట్యాక్స్ 18, డిపాజిట్ 150 క్యాష్‌గా ఇవ్వాలి. అంటే డిపాజిట్ కాకుండానే 343. క్లీనింగ్‌కి 55 తీసుకుని మళ్ళీ అదే కాగితంలో వెళ్ళేటప్పుడు ఇల్లు ఊడ్చాలి, గిన్నెలు కడగాలి, చెత్త నాలుగు రకాలుగా విడదీయాలి అని రాసుంది, మరి ఆ 55 దేనికో నాకర్థం కాలేదు. బుకింగ్ పేజీలో ఇవన్నీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయని మా ఆవిడ తర్వాత కనిపెట్టింది, కనిపెట్టి నన్నే తిట్టింది.

ఇంతవరకు సర్దుకుపోయా. ఆ రోజు దసరా. పండగ పూట బ్రెడ్డు ముక్కలు తింటామా అని అత్తగారు మాన్‌హైమ్ నుంచే చింతపండు గుజ్జు, ఇంగువ, ఎండుమిర్చి డబ్బాల్లో తెచ్చుకున్నారు. ఏడుంపావుకి పులిహోర పోపు పెట్టారు. ఆ వంటింటికి కిటికీ లేదు, చిమ్నీ ఏదో పేరుకి ఉంది కానీ పొగ అక్కడక్కడే తిరుగుతోంది. మిరపకాయ నల్లబడింది, స్మోక్ అలారం మోగింది, పై అంతస్తులోంచి ఓనరు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నేను స్టూలెక్కి అలారం మీద టవల్ విసురుతున్నా, మా ఆవిడ సారీ సారీ అంటోంది, అత్తగారు మాత్రం గరిట పట్టుకుని "బాబూ, ఆయన్ని కూడా కూర్చోమను, వేడిగా ఉంది" అంటున్నారు. ఆయన కూర్చోలేదు. ముక్కు మూసుకుని, గోడలు చూసి, కర్టెన్లు వాసన చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అనేసుంటే బాగుండేది. మాట్లాడని మనిషి లెక్కలేసుకుంటాడని మా నాన్న అనేవాడు.

శుక్రవారం ట్రిఫెల్స్ కోట. అన్వైలర్ ఊరి పైన, దాదాపు 494 మీటర్ల కొండ మీద ఎర్ర ఇసుకరాతి బండపై కూర్చుంటుంది. కారు కింద పార్కింగ్‌లో పెట్టి అడవి దారిలో ఎక్కాలి, మామూలు వాళ్ళకి ఇరవై నిమిషాలు, మోకాళ్ళ నెప్పులున్న అత్తగారితో యాభై నిమిషాలు. దారి పొడుగునా చెస్ట్‌నట్ చెట్లు, కాయలు కింద రాలి పగిలున్నాయి, ఆవిడ ప్రతి బెంచీ దగ్గరా కూర్చోవడం, లేచి కొంగులో కాయలు ఏరడం. ఉడికిస్తే అచ్చం పనసగింజల రుచి, అది తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడకి కోట మీద ఆసక్తి పోయింది.

కోట కథ మాత్రం ఆవిడకి తెగ నచ్చింది. ఇంగ్లండు రాజు రిచర్డ్, సింహహృదయుడని పేరు, క్రూసేడ్ యుద్ధం నుంచి ఇంటికి తిరిగెళ్తుంటే 1192 డిసెంబర్‌లో వియన్నా దగ్గర ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్‌కి దొరికాడు. ఆయన తీసుకెళ్ళి పవిత్ర రోమన్ సామ్రాజ్యం (అప్పటి జర్మనీ చుట్టుపక్కల రాజ్యం) చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పజెప్పాడు, 1193లో కొన్నాళ్ళు ఈ ట్రిఫెల్స్‌లో ఉంచారు, ఉన్నది సుమారు మూడు వారాలే. వదలడానికి అడిగిన సొమ్ము చివరికి 150000 మార్కుల వెండి దగ్గర తేలింది, ఇప్పటి లెక్కలో దాదాపు 35 టన్నులు. మొత్తం చేతికి రాకముందే 1194 ఫిబ్రవరిలో వదిలేశారు, వచ్చిన డబ్బుతో హెన్రీ సిసిలీ మీదకి దండయాత్రకి వెళ్ళాడు. ఇదంతా ఎక్కుతూ చెప్తే అత్తగారు ఆగి "ఇంగ్లీషు రాజునా? బాగా అయ్యింది" అన్నారు. కోహినూరు మన కృష్ణ ఒడ్డు కొల్లూరుది కదా అని ఆవిడ కోపం. ఆ ఇంగ్లీషు వాళ్ళు వేరు, ఆరొందల యాభై ఏళ్ళ తేడా ఉంది అత్తయ్యగారూ అంటే వినరు.

పైకెళ్ళాక నా అభిప్రాయం ఏంటంటే, ట్రిఫెల్స్ దూరం నుంచి చూడ్డానికి బాగుంటుంది, లోపల అంత కాదు. 1602లో పిడుగుపడి తగలబడ్డాక శిథిలమై పడుంది, 1938లో నాజీల కాలంలో మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు, అదీ ఉన్నది ఉన్నట్టు కాకుండా వాళ్ళకి నచ్చిన ఊహతో. ఆ పెద్ద హాల్లో నిలబడి మధ్యయుగం అనుకుంటే మోసపోయినట్టే. ఒకప్పుడు ఆ సామ్రాజ్యపు కిరీటం, ఖడ్గం ఇక్కడే దాచేవాళ్ళు, ఇప్పుడు పెట్టినవి నకళ్ళు, అసలువి వియన్నాలో ఉన్నాయి. "నకిలీ కిరీటానికి టిక్కెట్టా" అని అత్తగారు. టవర్ పైనుంచి చూస్తే పక్క కొండల మీద అనెబోస్, షార్ఫెన్‌బెర్గ్ శిథిలాలు, మిగతాదంతా అడవే, ఆకులు అప్పుడప్పుడే రంగు మారుతున్నాయి. దాని కోసం ఎక్కొచ్చు.

శనివారం తెల్లారగానే నేనొక్కణ్ణే నోట్‌వైలర్ నుంచి వేగెల్న్‌బుర్గ్ ఎక్కొచ్చా. 572 మీటర్లు, పాలటినేట్ అనే ఈ ప్రాంతం కోటల్లో అన్నిటికన్నా ఎత్తులో ఉన్నది. గేటు లేదు, టిక్కెట్టు లేదు, మనిషి లేడు. ఇక్కణ్ణుంచి అడవి బాటలో ముందుకెళ్తే ఎక్కడో ఒక సరిహద్దు రాయి దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్ళిపోతాం, వరసగా హోహెన్‌బుర్గ్, లోవెన్‌స్టైన్, చివర్లో ఫ్లెకెన్‌స్టైన్, నాలుగు కోటల నడక అంటారు. ఫ్లెకెన్‌స్టైన్‌కి మాత్రం టిక్కెట్టుంది. నేను హోహెన్‌బుర్గ్ చూసి వెనక్కొచ్చేశా, పదకొండుకల్లా రాకపోతే మా ఆవిడ ఊరుకోదు.

మధ్యాహ్నం దాన్ ఊరి దగ్గర ఆల్ట్‌దాన్. మీకు ఒక్క చోటికే వెళ్ళే టైముంటే ట్రిఫెల్స్ వదిలేసి ఇక్కడికే వెళ్ళండి. ఒకే పొడుగాటి బండ మీద వరసగా మూడు కోటలు, ఆల్ట్‌దాన్, గ్రాఫెన్‌దాన్, టాన్‌స్టైన్. ఇసుకరాయి మెత్తన కాబట్టి కట్టడం కన్నా చెక్కడమే ఎక్కువ, మెట్లు బండలోనే, గదులు బండలోనే, దూలాలు దూర్చిన కన్నాలు ఇప్పటికీ వరసగా కనపడతాయి. కొన్ని మెట్లు ఏళ్ళ తరబడి కాళ్ళ కింద అరిగి మధ్యలో గిన్నెలా గుంటలు పడ్డాయి, వాన పడితే జారతాయి, మంచి బూట్లు వేసుకోండి. అత్తగారు కింద మొదటి గోడ దగ్గర బెంచీ మీద కూర్చుని "మీరు చూసి రండి, మన కొండపల్లి ఖిల్లా ఇంతకన్నా పెద్దది" అన్నారు. కొండపల్లి ఎప్పుడు చూశారంటే, చూడలేదట.

ఎర్లెన్‌బాఖ్‌లో బెర్వార్ట్‌స్టైన్ కోటని రోడ్డు మీంచే చూశాం. హాన్స్ ఫాన్ ట్రోతా అనే ఆయన ఉన్న కోట అది. వైసెన్‌బుర్గ్ మఠం వాళ్ళతో గొడవపడి, వాళ్ళ ఊరికి నీళ్ళు రాకుండా వీస్‌లౌటర్ ఏటికి అడ్డకట్ట వేశాడు, తర్వాత ఆ కట్ట తెంచేసి ఊరిని ముంచాడు. ఇప్పటికీ అల్సాస్ వైపు క్రిస్మస్ రోజుల్లో హాన్స్ ట్రాప్ వస్తాడని పిల్లల్ని భయపెడతారు, మన బూచాడన్నమాట. మా ఓనరు వాళ్ళ వంశమేనా అని మా ఆవిడ అడిగింది. మొత్తం ట్రిప్‌లో ఆవిడ వేసిన ఏకైక జోకు.

ఇప్పుడు నిజంగా ఆనందపడిన సంగతి. శనివారం నాలుగు గంటలకి ఆకలి మీద అడవిలో ఒక హుట్టెకి వెళ్ళాం, అంటే కొండల్లో నడిచేవాళ్ళు ఆగి తినే గుడిసెలాంటి చోటు. ఫెల్జర్‌వాల్డ్ ఫెరైన్ అని 1902 నుంచి ఉన్న నడక సంఘం, ఈ కొండల్లో వాళ్ళ హుట్టెలు బోలెడు, చాలావాటిని సభ్యులే వంతులేసుకుని నడుపుతారు. సెల్ఫ్ సర్వీసు. మేం వెళ్ళిన దాంట్లో కార్డు చెల్లదు, క్యాష్ ఉంచుకోండి. అన్నీ రోజూ తెరవరు, శని ఆదివారాలైతే నమ్మకం. మెనూ చూస్తే నాకు గుండె జారింది, సౌమాగెన్ అంటే పంది పొట్టలో మాంసం, బంగాళదుంప కూరి వండేది, తర్వాత లివర్ ఉండలు, తర్వాత సాసేజ్. అత్తగారికి ఏం చెప్పాలి? కౌంటర్‌లో ఉన్న డెబ్బై ఏళ్ళ పెద్దావిడ అత్తగారి చీర చూసి, నా మొహం చూసి, "ఫ్లైష్ (మాంసం) వద్దా?" అని తనే అడిగి, వైసర్ కేస్ అని ఒక ప్లేటు తెచ్చింది. తొక్కతో ఉడికించిన దుంపలు, పక్కన గట్టిగా వడకట్టిన పెరుగులాంటిది, దాన్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉల్లికాడలాంటి ఆకు, ఉప్పు, మిరియం. ఆరున్నర యూరోలు.

అత్తగారు ఒక ముద్ద తిని ఆగారు. "ఇది పెరుగు పచ్చడే కదే!" అని మా ఆవిడ వైపు తిరిగారు. కరివేపాకు లేదు, పోపు లేదు అంతే తేడా. మొత్తం తిని ఇంకో ప్లేటు తెప్పించుకున్నారు, రెండు నెలల్లో ఆవిడ బయట కడుపునిండా తిన్న మొదటి భోజనం. గుంటలు గుంటలుగా ఉండే అరలీటరు గాజు గ్లాసులో ద్రాక్షరసం సోడా కలిపి ఇచ్చారు, వైన్ కాదని మూడుసార్లు ఒట్టేయించుకుని తాగారు. పక్క బల్ల ముసలాయన గ్లాసెత్తి చూపిస్తే ఈవిడ కూడా ఎత్తారు, నాకైతే నవ్వాగలేదు. ముగ్గురికి కలిపి 31 యూరోలు అయింది. వెళ్ళేటప్పుడు ఆ పెద్దావిడకి అత్తగారు కొంగులోంచి గుప్పెడు చెస్ట్‌నట్‌లు తీసి ఇచ్చారు, అక్కడి అడవిలో ఏరినవే, అయినా ఆవిడ రెండు చేతులతో తీసుకుంది.

ఆదివారం పొద్దున పదింటికి తాళాలు. ఇల్లు ఊడ్చాం, చెత్త విడదీశాం, పొయ్యి తళతళలాడేలా నేనే తోమా. ఓనరు వచ్చి డిపాజిట్ 150లో 90 ఇచ్చి, 60 పట్టుకున్నట్టు చీటీ ఇచ్చాడు, దాని మీద "వాసన తొలగింపు" అని జర్మన్‌లో నీటుగా టైపు చేసుంది. కర్టెన్లు ఉతకాలట, ఓజోన్ మెషిన్ పెట్టాలట. వంటిల్లు ఇచ్చి వండితే జరిమానానా అన్నా. కాంట్రాక్ట్‌లో "ఘాటైన వాసనలు వద్దు" అని ఉందన్నాడు, నిజంగానే ఉంది, ఏడో పాయింటు. మరి కిటికీ లేని వంటిల్లు ఏ పాయింట్లో ఉందంటే జవాబు లేదు. మొత్తం 403, రాత్రికి 134 పైన పడింది, అదే డబ్బుకి దగ్గర్లోని లాండావు ఊళ్ళో మంచి హోటల్ వచ్చేది. మెషిన్ బిల్లు చూపించమని మెయిల్ పెట్టా, ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

వెళ్ళేవాళ్ళు వంటిల్లు ఫోటో అడిగి కిటికీ ఉందో లేదో చూసుకోండి, క్లీనింగ్, దుప్పట్లు అన్నీ కలిపి ఎంతో ముందే మెయిల్లో రాయించుకోండి, పోపు డబ్బా సంగతి కూడా అడగండి, సిగ్గుపడకండి. సెలవు రోజు, ఆదివారం కొట్లు మూసేస్తారు, పాలు పెరుగు ముందే కొనుక్కోండి. కారు లేకపోతే అన్వైలర్‌కి రైలుంది, దాన్ వైపు రైలు మాత్రం వేసవి సీజన్లో, అదీ కొన్ని రోజుల్లోనే తిరుగుతుంది, మిగతా రోజుల్లో బస్సే దిక్కు.

నిన్న అత్తగారు రాజమండ్రిలో వాళ్ళ అక్కకి ఫోన్లో చెప్తుంటే విన్నా. "ఇంగ్లీషు రాజుని మూడు వారాలు ఉంచారటే అక్కా, మమ్మల్ని మూడు రోజులు. ఇద్దరి దగ్గరా గుంజారు. ఆయనకి పులిహోర కూడా లేదు పాపం."