వర్టస్ జీటీ మాన్యువల్: ఒంగోలు–మార్కాపురం రోడ్డు మీద మూడో గేరు

మా బ్యాచ్‌లో ఇప్పుడు ఒకటే చర్చ: తర్వాత ఏ బండి? ఒకరు గోల్ఫ్ జీటీఐ అంటారు, ఇంకొకరు స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ అంటారు. డబ్బు సర్దుబాటు అయ్యేవాళ్లు బీఎండబ్ల్యూ ఎం340ఐ దగ్గర ఆగుతారు. నా వంతు వచ్చేసరికి అందరూ అడిగేది ఒక్కటే: "ఏందన్నా, నువ్వింకా ఆ గేర్లు మార్చుకుంటానే తిరుగుతావా?" తిరుగుతాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నాది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 టర్బో పెట్రోలు, ఆరు గేర్ల మాన్యువల్. 2022లో వర్టస్ వచ్చినప్పుడు ఈ పెద్ద ఇంజనుకు ఆటోమేటిక్ ఒక్కటే ఇచ్చారు. 2023లో మాన్యువల్ కూడా వచ్చాకే తీసుకున్నా. రెండేళ్లు దాటింది. సన్‌రూఫ్, స్క్రీను, ఎయిర్‌బ్యాగులు, డిక్కీ సైజు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది గేర్ రాడ్ గురించి, ముఖ్యంగా మూడో గేరు గురించి.

నాది మందుల హోల్‌సేల్ పని. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా మార్కాపురం దాకా తరచూ వెళ్లి రావాలి. తిరుగు ప్రయాణంలో చీమకుర్తి దగ్గర గ్రానైట్ ట్రెయిలర్లు తగులుతాయి. గెలాక్సీ రాయి దిమ్మెలు ఎక్కించుకుని నింపాదిగా పోతుంటాయి. అంత బరువుతో అవి వేగంగా పోకూడదు కూడా, వాళ్లను తప్పు పట్టలేం. పొగాకు వేలం రోజుల్లో పొదిలి వైపు బేళ్ల ట్రాక్టర్లు, మధ్యలో ఆర్టీసీ బస్సులు, ఎక్కడ రోడ్డు మీదికి వస్తాయో తెలియని గొర్రెల మందలు. ఇలాంటి దారిలో బండి గంటకు రెండు వందలు పోతుందా లేదా అన్నది ఎవరికీ పనికిరాని విషయం. నలభై నుంచి ఎనభైకి ఎంత సాఫీగా, ఎంత త్వరగా చేరుతుంది? నాకు కావాల్సింది అదే.

మూడో గేరు అక్కడే మనసు దోచింది. ట్రెయిలర్‌కు మరీ దగ్గరగా పోకుండా ఎడం ఉంచుకుని, ముందే మూడుకు దించి పెట్టుకుంటా. దారి ఖాళీగా కనిపించగానే కాలు వేస్తే బండి ఆలోచించదు. ఈ ఇంజనుకు 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, 1600 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది, 3500 దాకా అలాగే నిలబడుతుంది. నలభై, యాభై స్పీడులో మూడో గేరు సరిగ్గా ఆ పరిధిలోనే ఉంటుంది. అందుకే ఇంజన్ అరవకుండానే ట్రెయిలర్ పొడవంతా దాటేసి మన లైన్లోకి వచ్చేస్తాం. పక్క సీట్లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేవరు. పికప్ అంటే వీపు సీటుకు కొట్టుకోవడం అనుకునేవాణ్ణి ఒకప్పుడు. ఈ బండితో తిరిగాక నాకు నచ్చింది ఈ నిబ్బరం.

ఆటోమేటిక్‌లో డీ (డ్రైవ్)లో పోతూ ఉన్నట్టుండి కాలు నొక్కితే బండి ముందు గేర్లు దిగి, ఆ తర్వాత లాగుతుంది. ఆ మధ్యలో పట్టేది క్షణమే. కానీ ఎదురుగా బస్సు కనిపిస్తున్నప్పుడు ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంటుంది. స్టీరింగ్ వెనక పాడిల్స్ ఉన్నాయి కదా, ముందే గేరు దించుకోవచ్చు కదా అంటారు మావాళ్లు. నిజమే, దించుకోవచ్చు. రోజూ అలవాటుగా వాడేవాళ్లకు తేడా తక్కువ. నాకు మాత్రం రెండు నుంచి మూడుకు తోసేటప్పుడు అరచేతికి తగిలే ఆ చిన్న "టక్" కావాలి. గేరు పడిందని అది చెప్తుంది, నేను స్క్రీను వైపు చూడాల్సిన పని లేదు.

శివరాత్రికి శ్రీశైలం వెళ్లినప్పటి సంగతి ఇక్కడ చెప్పాలి. రెండు బండ్లలో వెళ్లాం. మా బండిలో అమ్మా నాన్నలతో కలిపి ఐదుగురం, డిక్కీ నిండా సామాను. రెండోది మా స్నేహితుడిది, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక బండ్లు చీమల బారులా కదులుతున్నాయి. బస్సులు, జీపులు, రోడ్డు పక్కన నడిచిపోయే శివమాల స్వాములు. రెండు గజాలు పోవడం, ఆగడం. అదీ ఎత్తు మీద. కాసేపటికి వాడు ఫోన్ చేశాడు. "మామా, ఏదో హెచ్చరిక వస్తోంది, గేర్‌బాక్స్ వేడెక్కిందంట, బండి ఆపమంటోంది." వెనకాల హారన్లు. వాళ్లావిడ, పిల్లలు బండిలో. నాకూ టెన్షన్ వచ్చింది.

కాస్త వెడల్పుగా ఉన్న చోట ఇద్దరం పక్కకు తీశాం. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5 లాంటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. కొన్ని బండ్లలో ఈ క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి, వేడిని ఆ నూనె తీసుకుపోతుంది. వాడి బండిలో ఉన్నది డ్రై క్లచ్, నూనె ఉండదు. బ్రేకు మీద కాలు కొద్దిగా వదిలి బండిని పాకించినంతసేపూ లోపల క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతూనే ఉంటుంది. ఎత్తు మీద గంటల తరబడి అలా పాకిస్తే వేడెక్కక మానదు. అది బండి చెడిపోవడం కాదు. చెడిపోకుండా ఉండటానికే కంప్యూటర్ ముందుగా చెప్తోంది.

గేరు పీ (పార్కింగ్)లో పెట్టి చల్లారనిచ్చాం. ఆ తర్వాత వాడికి చెప్పా: ముందు బండి కదిలినప్పుడల్లా కదలకు, బ్రేకు గట్టిగా తొక్కి ఆగు, బాగా ఖాళీ అయ్యాక ఒకేసారి పోయి మళ్లీ ఆగు. అలా చేస్తే క్లచ్ జారే సమయం తగ్గుతుంది. వెనకవాళ్లు హారన్ కొట్టారు, కొట్టనీ. ఆ హెచ్చరిక మళ్లీ రాలేదు. ఆటోమేటిక్ నడిపేవాళ్లు ఘాట్ రోడ్డు ట్రాఫిక్‌లో ఈ ఒక్క పద్ధతి గుర్తుపెట్టుకుంటే చాలా వరకు బయటపడతారు. సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటున్న మాన్యువల్ వాళ్లకూ ఇదే మందు.

నా బండి ఆ రోజంతా ఐదుగురితో, ఏసీ వేసుకుని, ఫస్ట్, సెకండ్ మీద ఎక్కింది. హిల్ హోల్డ్ వల్ల ఎత్తులో వెనక్కి జారలేదు. తిరిగి వచ్చేటప్పుడు దిగువకు రెండో గేరులో వేసి వదిలితే ఇంజనే ఆపుకుంటూ వచ్చింది, బ్రేకు అవసరమైన మలుపుల్లోనే తొక్కా. దోర్నాల దాటాక రోడ్డు ఖాళీ. మూడు, నాలుగు, మళ్లీ మూడు. అమ్మ కూడా "ఈ కారు అలసిపోదా?" అనింది.

అయితే ఆ రోజు నా ఎడమ పిక్క పట్టేసింది. రెండు రోజులు మెట్లు దిగేటప్పుడు తెలిసింది. క్లచ్ తేలిక అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఖాళీ రోడ్డు మీద తేలికే. ఒంగోలు ఊళ్లోని కర్నూలు రోడ్డులో సాయంత్రం ఆరు గంటలకైతే ఆ మాట అంత గట్టిగా చెప్పను.

మైలేజీ మాటా అంతే. గట్టిగా లాగాల్సిన పని లేనప్పుడు ఈ ఇంజన్ నాలుగు సిలిండర్లలో మధ్యవి రెండూ ఆపేసి మిగతా రెండింటితో నడుస్తుంది. ఒంగోలు నుంచి నెల్లూరు అత్తగారింటికి హైవే మీద తొంభైలో పోతే లీటరుకు 20 దగ్గర చూపిస్తుంది, మొదటి ఏడాది నేను ఈ అంకె చెప్పని మనిషి లేడు. మార్కాపురం దారిలో, నేను మెచ్చుకున్న ఆ మూడో గేరు వాడుకుంటూ పోతే 14 దాకా దిగుతుంది. సరదా ఎక్కడ ఉందో పెట్రోలు అక్కడే పోతుంది. ఇంకోటి, 1500 ఆర్‌పీఎం కింద టర్బో ఇంకా అందుకోదు. సోమరిగా నాలుగో గేరులో వదిలేసి లాగమంటే లాగదు. గేరు దించాలి. నాకది ఇష్టం, అందరికీ ఉండాలని లేదు.

మా ఆవిడ ఈ బండి నడపగలదు, కానీ ఊళ్లో స్కూటీయే తీస్తుంది. ఆటోమేటిక్ అయితే రోజూ తీసేదాన్నని ఇప్పటికీ అంటుంది. అది చిన్న విషయం కాదు. తర్వాతి బండి ఇద్దరికీ పనికిరావాలంటే నా ఇష్టం ఒక్కటే చూడలేను.

ఇక తర్వాతి బండి. గోల్ఫ్ జీటీఐ 2025లో దిగుమతై వచ్చింది, 53 లక్షల దగ్గర, 265 హార్స్‌పవర్. అదే ఏడు ఆక్టావియా ఆర్‌ఎస్ 50 లక్షల దగ్గర, దేశం మొత్తానికి 100 బండ్లు. ఎం340ఐ చెన్నైలోనే అసెంబుల్ అవుతుంది, ఆరు సిలిండర్లు, ఆ ఇంజన్ చప్పుడు గురించి చెడుగా మాట్లాడేవాణ్ణి ఇంతవరకు చూడలేదు. మూడూ నా బండి కంటే చాలా వేగం. శ్రీశైలంలో మావాడికి వచ్చిన కష్టం వీటికి అంతగా రాదు: మొదటి రెండింటిలో నూనె క్లచ్‌లు, బీఎండబ్ల్యూలో టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనె ద్వారా ఇంజన్ బలాన్ని గేర్‌బాక్సుకు అందించే భాగం). కానీ మూడింటిలో ఒక్కదానికీ మన దగ్గర క్లచ్ పెడల్ లేదు. డబ్బున్నా కొనలేని వస్తువు అది.

మాన్యువల్ కావాలనేవాళ్లకు క్రెటా ఎన్ లైన్ ఒకటుంది, 1.5 టర్బో, 160 హార్స్‌పవర్. ఎత్తుగా కూర్చోవచ్చు, మా నాన్న మోకాళ్లకు అదే మేలు, వర్టస్‌లోకి దిగి కూర్చోవడం ఆయనకు ఇబ్బంది. మహీంద్రా బీఈ 6 నడిపి చూశా. వెనక చక్రాలకు మోటారు, నొక్కిన వెంటనే లాగుడు, గేర్ల గొడవే లేదు. నిజంగా బాగుంది. ఓవర్‌టేక్ విషయంలో దాన్ని దాటేది నా బండి కూడా కాదు. అయినా దిగాక చేతికి పని దొరకలేదనిపించింది.

నా పనికి, నా రోడ్డుకు, నా కాలు సహకరించినన్నాళ్లు ఈ వర్టస్‌ను మార్చను. హైదరాబాదులోనో చెన్నైలోనో రోజూ ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకు, ఇంట్లో ఇద్దరూ నడిపేవాళ్లకు ఇదే కొనమని చెప్పలేను. కొనాలా వద్దా అని ఊగేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు పోయినప్పుడు షోరూమ్ చుట్టూ ఒక రౌండు కొట్టి రాకండి. ఊరి బయటికి, ఎదురుగా బండ్లు లేని తిన్నని రోడ్డుకు తీసుకెళ్లమనండి. ఇంట్లోవాళ్లను ముగ్గురిని ఎక్కించుకుని, నలభైలో మూడో గేరు వేసి, ఎనభై దాకా ఒకసారి లాగి చూడండి.