ల్యాబ్ గది, సైన్స్ వ్యాను, తరగతి పెట్టె: బస్తీ బడికి ఏది మేలు?

హైదరాబాద్‌లో బస్తీ మధ్యనున్న సర్కారీ హైస్కూలుకు ఓ దాతో, పూర్వ విద్యార్థులో సాయం చేస్తామని వస్తే ముందుగా వినబడే మాట 'ల్యాబ్ పెట్టిద్దాం' అని. ఎదుట ఉన్న దారులు మాత్రం మూడు. స్థిరంగా ఉండే ల్యాబ్ గది, అప్పుడప్పుడూ వచ్చిపోయే సైన్స్ వ్యాను, తరగతి గదిలోకే మోసుకెళ్లే సామాను పెట్టె. మూడింటినీ ఒకే కొలతతో చూడాలి: ఒక్కో పిల్ల చేతిలో వస్తువు ఎన్ని నిమిషాలు ఉంటోంది?

లెక్క వేద్దాం. పీరియడ్ 45 నిమిషాలు, పిల్లలు 45 మంది, మైక్రోస్కోపు ఒకటి. హాజరుకూ సర్దడానికీ పది నిమిషాలు తీసేస్తే ఒక్కొక్కరికి దక్కేది 50 సెకన్ల లోపే. లేచి రావడానికి, ఒక కన్ను మూసి రెండో కన్ను ఆనించడానికే అది సరిపోతుంది. ఉల్లిపొర కణాలు కనిపించేలోపు వెనకనున్నవాడు తోస్తాడు. అదే పది పరికరాలుంటే నలుగురైదుగురికి ఒకటి వస్తుంది, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు దాటుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ కాగితాన్ని మడిచి చేసుకునే మైక్రోస్కోపు, 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. బల్లమీద ఉండే పెద్ద మైక్రోస్కోపుకు అది సాటి కాదు. అయినా ఇలాంటి తరగతికి మంచిదొకటి కొనడం కంటే మామూలువి పది కొనడమే మేలు.

ల్యాబ్ గది

దీని బలం నీళ్లు, సింకు, తాళమున్న అల్మరా. తొమ్మిది, పది తరగతుల్లో ఆమ్లాలు వాడాలన్నా, త్రాసుతో కచ్చితంగా తూచాలన్నా గది కావాల్సిందే. నగరంలో అసలు కరువు చోటుకే. 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌నే చూడండి. 6 నుంచి 12 తరగతుల పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూడటానికి రూ. 20 లక్షల గ్రాంటు. సగం సామానుకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. కానీ మైదాన ప్రాంతంలో 1,500 చదరపు అడుగులు చూపించాలని నిబంధన పెట్టారు. మామూలు తరగతి గదులు మూడు కలిపితేగానీ అంత చోటు రాదు. ఒకే గదిలో రెండు సెక్షన్లు కూర్చునే బడి ఎక్కడినుంచి తెస్తుంది?

చోటు దొరికినా గది మూతపడే కారణాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. తాళంచెవి ఒక్క టీచర్ దగ్గరే ఉంటుంది, ఆవిడకు బదిలీ అవుతుంది. స్టాకు రిజిస్టర్ అప్పగింత తేలక కొత్తగా వచ్చినవారు తలుపు తీయడానికి జంకుతారు. బీకరు పగిలితే జవాబు చెప్పుకోవాలన్న భయం సరేసరి. త్రీడీ ప్రింటర్ ఉంటే దాని కష్టాలు దానివి. ప్లాస్టిక్ తీగ చుట్టను వానాకాలంలో కవరు లేకుండా వదిలేస్తే తేమ పీల్చి పెళుసుబారుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. పాఠాల భారం తక్కువున్న, ఆసక్తిగల టీచర్ ఒకరు ఉంటేనే ఈ దారి పట్టండి.

సైన్స్ వ్యాను

కుప్పం దగ్గర పెద్ద ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ లాంటివారు వ్యాన్లలో నమూనాలతో వస్తారు. బోధకుడికి చేయి తిరిగి ఉంటుంది, పిల్లల కళ్లు మెరుస్తాయి. చిక్కల్లా వ్యాను వచ్చిన రోజుకూ సిలబస్ ఉన్న చోటికీ పొంతన కుదరకపోవడమే. అందుకే నమూనాల జాబితా ముందే తెప్పించుకుని, ఆ వారం పాఠాన్ని దానికి తగ్గట్టు జరుపుకోవాలి. ఆ గంట బడి టీచర్ గదిలోనే ఉండాలి. స్టాఫ్‌రూమ్‌కు వెళ్లిపోతే వ్యాను తీసుకొచ్చిన నేర్పు వ్యానుతోనే వెళ్లిపోతుంది.

తరగతి పెట్టె

మా ఓటు దీనికే. దీని వెనక గట్టి అనుభవం ఉంది. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 బడుల్లో మొదలైన హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమం 1978లో జిల్లా అంతటికీ పాకింది, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. పిల్లలు జట్లుగా కూర్చుని కిట్లతో ప్రయోగాలు చేసేవారు, టీచర్లు నెలనెలా కలిసి ఎదురైన చిక్కులు మాట్లాడుకునేవారు. నగరం బడులకు ముఖ్యంగా పనికొచ్చేది ఈ రెండో ముక్కే. సామాను సంపాదించడం తేలిక, అలాంటి నెలవారీ కూడికను నిలబెట్టడం కష్టం.

ఇద్దరు మోయగల మూతపెట్టె ఒకటి, అందులో పది చిన్న డబ్బాలు. డబ్బాలు బేగంబజార్‌లో, ఎల్‌ఈడీలూ తీగలూ క్లిప్పులూ కోఠీ గుజరాతీ గల్లీలో, ఎనామిల్ రాగితీగ ఏ మోటార్ రీవైండింగ్ షాపులోనైనా తూకానికి దొరుకుతాయి. ఒక్కో డబ్బాలో పెన్‌సెల్స్ రెండు, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, ఎర్ర ఎల్‌ఈడీలు రెండు, 100, 470 ఓమ్‌ల రెసిస్టర్లు చెరొకటి, క్లిప్పు తీగలు ఆరు, రింగు అయస్కాంతాలు రెండు, 24 గేజ్ రాగితీగ రెండు మీటర్లు, పిన్నీసులు, ఉప్పుకాగితం ముక్క, కటకం పెట్టండి. మూత లోపల అన్నిటి ఫొటో అంటించండి. పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో పిల్లలే ఫొటో చూసి సరిచూసుకుంటారు. సూచనల కార్డుల్లో మాటల కంటే బొమ్మలు ఎక్కువ ఉండాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే పిల్లలు ఒకే జట్టులో ఉంటారు.

ప్రయోగం ఎక్కడ చెడుతుందో ముందే తెలియకపోతే పెట్టె ఉండీ లాభం లేదు. పిన్నీసుల మోటారునే తీసుకోండి. రాగితీగను సెల్ చుట్టూ పది పన్నెండు చుట్లు చుట్టి, రెండు కొసలూ చెరోపక్కకు తిన్నగా వదలాలి. సెల్ రెండు చివర్లకూ పిన్నీసులు రబ్బరు బ్యాండుతో బిగించి, చుట్టను వాటి కన్నాల్లో ఊయలలా పెట్టాలి. కింద అయస్కాంతం. పదికి తొమ్మిది జట్లకు మొదట తిరగదు, ఎందుకంటే తీగమీద మెరిసేది ఎనామిల్ పూత. అది చూడటానికి రాగిలాగే ఉంటుంది, కరెంటును మాత్రం పోనివ్వదు. ఒక కొసను ఉప్పుకాగితంతో చుట్టూ గీకాలి, రెండోదాన్ని పైసగం మాత్రమే. రెండూ పూర్తిగా గీకితే సగం చుట్టు ముందుకు తోసిన బలమే మిగతా సగంలో వెనక్కి లాగుతుంది, చుట్ట ఊగి ఆగిపోతుంది. ఆగినప్పుడు సెల్ షార్ట్ అయి వేడెక్కుతుంది, వెంటనే తీగను ఎత్తేయాలి.

ఉప్పునీటిలో కరెంటు ప్రవహిస్తుందా అనే ప్రయోగంలో మోసం ఇంకోరకం. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికే దాదాపు 2 వోల్టులు కావాలి. నీటిలో ముంచిన కడ్డీల దగ్గరా ఇంచుమించు అంతే పోతుంది. రెండు పెన్‌సెల్స్‌తో చేస్తే ఉన్నది 3 వోల్టులే కాబట్టి దీపం వెలగదు, 'ఉప్పునీరు విద్యుత్‌వాహకం కాదు' అని పిల్లలు రాసేసుకుంటారు. 9 వోల్టుల బ్యాటరీకి 470 ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే చక్కగా వెలుగుతుంది.

పసుపు కాగితం మీద వంటసోడా వేసి ఎర్రబడలేదని కంగారు పడొద్దు. ఆ క్షారం బలహీనమైనది, ఒక్కోసారి రంగు సరిగా మారదు. చాకలిసోడా, సున్నపుతేట అయితే వెంటనే ఎర్రబడుతుంది. మందారపూల రసం ఇంకా నయం, నిమ్మరసంలో ఎర్రగా, సున్నపుతేటలో ఆకుపచ్చగా మారుతుంది. సున్నపుతేట కోసం లీటరు నీటిలో చెంచాడు తాంబూలం సున్నం కలిపి, రాత్రంతా తేరనిచ్చి, పైతేటను వడకట్టి బిగుతు మూత పెట్టాలి. మూత వదులైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో తెల్లటి తెట్టు కడుతుంది. మన ఊపిరికి ఆ తేట పాలలా మారడం చూడటానికి స్ట్రాతో ఊదేటప్పుడు ఏదో ఒక పిల్ల పొరపాటున పీలుస్తుంది. స్ట్రాకు పైభాగంలో సూదితో ఓ చిన్న కన్నం పెడితే, పీల్చినా గాలే వస్తుంది. కళ్లకు దూరంగా ఉంచడం, పక్కన మంచినీళ్ల బకెట్టు పెట్టుకోవడం తప్పనిసరి.

పెట్టెకూ ఆయువు ఉంటుంది. వేసవి సెలవుల ముందు సెల్స్ అన్నీ బయటకు తీయకపోతే కారిపోయి క్లిప్పులు చిలుం పడతాయి. సెల్స్, తీగ, ఎల్‌ఈడీలు మూడు నెలలకోసారి నింపాలి. కాబట్టి దాత ఇచ్చే డబ్బులో సగమే సామానుకు పెట్టండి. పావువంతు మూడేళ్ల నింపుడుకు, మిగతా పావు టీచర్లు అవే వస్తువులతో తాము ముందుగా చేసి చూసుకునే రోజులకు. తర్వాత ఇంకా డబ్బు వస్తే వరండా చివర ఒక సింకు, ఒక అల్మరా. బస్తీ బడికి ల్యాబ్ అంటే మొదటి ఐదేళ్లూ అది చాలు.

ఈ నెల ఒక్క వస్తువుకే డబ్బుంటే, 10 సెంటీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న కుంభాకార కటకాలు పది కొనండి. లైట్లు ఆపి, పిల్లలను కిటికీకి ఎదురుగోడ దగ్గర నిలబెట్టి, తెల్లకాగితం ముందు కటకాన్ని మెల్లగా జరపమనండి. పది సెంటీమీటర్ల దగ్గర కిటికీ ఊచలు, ఎదురింటి నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు రంగులతో సహా కాగితం మీద తలకిందులుగా దిగుతాయి. అప్పుడు స్కేలు ఇచ్చి, కటకానికీ కాగితానికీ మధ్య దూరం కొలవమనండి.