మిలోస్ వేడి ఇసుకలో సూక్ష్మజీవులు: కోర్ గొట్టమా, సిరంజియా?

గ్రీసులోని మిలోస్ దీవి, పాలియోహోరి అఖాతం. ఈతగాడు దిగగలిగిన లోతులోనే ఇసుకలోంచి వేడినీరు, కార్బన్ డయాక్సైడ్ బుడగలు ఉబికొస్తుంటాయి. నీరు ఊరే చోట ఇసుక మీద తెల్లటి పొర, దాన్ని వేలితో కదిపితే పాలవిరుగులా చెదిరిపోతుంది.

ఆ పొర కింద ఏ జీవి ఏ లోతులో ఉందో తెలియాలంటే కోర్ గొట్టమే దారి, అంటే పొరలు చెదరకుండా ఇసుకను నిలువుగా తీసే గొట్టం. నిటారుగా గుచ్చి, పైన బిరడా బిగించాకే లాగాలి. అడుగు బిరడా ఆలస్యమైతే ఇసుక జారిపోతుంది. 2 సెం.మీ. చొప్పున ముక్కలు కోసి, డీఎన్ఏ కోసం వెంటనే గడ్డకట్టించాలి. బుడగలు బలంగా వచ్చే చోట మాత్రం గుచ్చకండి, పొరలన్నీ కలిసిపోతాయి.

ఇసుక రేణువుల మధ్య నీటిని లాగే సిరంజి రసాయనం చెబుతుంది: ఆ జీవులకు తిండి అయిన సల్ఫైడ్ ఎంతుందో. గాలి తగిలితే అది ఆక్సీకరణం చెందిపోతుంది కాబట్టి పడవలోనే దాన్ని పట్టి ఉంచే జింక్ ఎసిటేట్ కలపాలి. గబగబా లాగితే పైనున్న సముద్రపు నీరు చొరబడుతుంది. మెగ్నీషియం కొలిస్తే ఆ దొంగ దొరుకుతుంది: సముద్రపు నీటిలో అది లీటరుకు సుమారు 53 మిల్లీమోల్, అసలైన వేడి ద్రవంలో చాలా తక్కువ. సూక్ష్మజీవుల కణాల కోసం ఆ నీటిని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకడితే, అది గంధకపు నలకలతో త్వరగా పూడుకుపోతుంది.

ఒక్కటే వీలైతే కోర్ తీయండి. ఎక్కువ కణాలు ఇసుక రేణువులకే అంటుకుని ఉంటాయి, నీటితో రావు. పక్కనే ఉష్ణోగ్రత కూడా లోతులవారీగా రాసుకోండి.