మూడేళ్లుగా వాడుతున్న ఇంగ్లీషు పదాల యాప్: చివరి అక్షరాలు ఇచ్చి వెతకడం కోసమే ఉంచుకున్నా

అక్షరాలు కలిపి పదం కట్టే ఆట, రోజుకో పజిల్ ఇలాంటి యాప్‌లన్నిట్లో ఉండేవే. వాటి జోలికి నేను పోలేదు. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. పదం మధ్యలోనో చివరనో ఫలానా అక్షరాలు ఉండాలి, మొత్తం ఇన్ని అక్షరాలకు తగ్గకూడదు అని అడిగితే ఆ మాటలన్నీ తెచ్చి ముందు పెడుతుంది. డిక్షనరీలో మొదటి అక్షరం తెలిస్తేనే కదా ఏదైనా దొరికేది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

నెల్లూరు వేదాయపాళెంలో ఇంటి దగ్గరే ట్యూషన్ చెబుతాను, ఎనిమిది నుంచి పదో తరగతి దాకా. తెలుగులో పలికినట్టే రాసే అలవాటున్న పిల్లలకు సైకాలజీ ముందు పీ ఎందుకుందో ఎంత చెప్పినా తలకెక్కదు. ఒక్కో మాటా బట్టీ పట్టిస్తే వారానికి మర్చిపోతారు. అదే జీ, హెచ్ పక్కపక్కన ఉండి పలకని మాటలు, డాటర్, నైబర్‌హుడ్, స్ట్రెయిట్‌ఫార్వర్డ్, ఒకేచోట వరసగా చూపిస్తే వాళ్లే పట్టేస్తారు. ఈ యాప్ వచ్చాక నా డిక్టేషన్ పద్ధతే మారిపోయింది.

పోయిన ఏడాది ఓ, ఎస్, ఐ, ఎస్‌తో ముగిసే మాటలు కావాలని, తొమ్మిది అక్షరాలకు తగ్గకుండా అడిగాను. డయాగ్నసిస్, సిలికోసిస్, ట్యూబర్‌క్యులోసిస్, మెటమార్ఫోసిస్ వచ్చాయి. అన్నిటికన్నా కింద, ఫోన్ తెరలో పట్టక మూడు వరసలుగా విరిగిపోయి ఒకటుంది: న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. పిల్లలు పోటీపడి లెక్కపెట్టారు, 45 అక్షరాలు. "న్యుమోనియాకున్న పీ దీనికీ ఉంది మేడమ్" అని ఒకమ్మాయి అరిచింది. బోర్డు మీద ముక్కలు చేశాను. న్యుమోనో అంటే ఊపిరితిత్తి, మైక్రోస్కోపిక్ అంటే కంటికి ఆననంత సన్నం, సిలికో అంటే రాతిలో ఉండే సిలికా, వాల్కనో అంటే అగ్నిపర్వతం, కోనిస్ అంటే గ్రీకులో దుమ్ము. సన్నని సిలికా దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులకు వచ్చే జబ్బని అర్థం. పైనున్న సిలికోసిస్ కూడా ఆ దుమ్ముతో వచ్చేదే, గనుల్లో, రాళ్ల పనుల్లో ఉండేవాళ్లకు వస్తుంది అని చెప్పాను.

సైదాపురం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లాడు ఒకడున్నాడు, ఎప్పుడూ వెనక కూర్చుంటాడు. "మా తాత అభ్రకం గనిలో దిగేవాడు మేడమ్. దగ్గుతా ఉండేవాడు. టీబీ అని మందులిచ్చారు" అన్నాడు. అక్కడ అభ్రకంతో పాటే తెల్లరాయి కూడా పడుతుంది. క్వార్ట్జ్ అంటే అదే, మొత్తం సిలికానే. టీబీ పూర్తి పేరు కూడా ఆ జాబితాలోనే ఉందని చూపించాను. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా పట్టుకుంటుంది. ఆయనకు వచ్చింది ఏదో నేనెలా చెప్పగలను? ఆ మాటే వాడికి చెప్పాను. వాడు ఆ రెండు మాటలూ నోట్సులో పక్కపక్కన రాసుకున్నాడు. ఆ రెంటికీ ఇంతవరకు ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఇక నేను దిద్దుకోవాల్సింది ఒకటుంది. ఈ యాప్ ఇచ్చిన జాబితాను కళ్లు మూసుకుని పిల్లల చేతిలో పెట్టొచ్చని మొదట్లో తోటి టీచర్లకు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. ఆ 45 అక్షరాల మాట డాక్టర్లు వాడేదని ఆరోజు క్లాసులో అనేశాను. తర్వాత చూస్తే, 1935లో అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్, అన్నిటికన్నా పొడుగు మాట కావాలని కట్టింది అది. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి ఎక్కింది కానీ డాక్టర్లు సిలికోసిస్ అనే అంటారు. మర్నాడు పిల్లలకు మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. యాప్ అర్థం ఇవ్వదు, వాడుకలో ఉన్నదేదో కట్టినదేదో విడదీయదు. కలర్‌కు యూ ఉన్నదీ లేనిదీ రెండూ ఇస్తుంది, మన స్కూళ్లలో ఏది రాయాలో మనమే చూసుకోవాలి. అందుకే ఇప్పుడు ప్రతి మాటా అచ్చు డిక్షనరీలో చూశాకే డిక్టేషన్‌కు ఇస్తున్నా. దానికి రోజూ అరగంట పోతోంది.

మొదట చిన్న మాటలే చూపిస్తుంది, 50 మాటలు దాటితే ఆపేస్తుంది. పొడుగు మాటలు కావాలంటే వరస తిప్పుకోవాలి. ఇది తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పక్కన డిక్షనరీ, చూసుకునే తీరిక ఉన్నాయి కాబట్టి నాకు సరిపోయింది. పిల్లల చేతికే ఫోనిచ్చి నేర్చుకోమనేవాళ్లకు పనికొస్తుందని అనలేను. స్క్రాబుల్ ఆడేవాళ్ల సంగతి వాళ్లే చెప్పాలి, నేను ఆడను. ఒకటి మాత్రం: సైన్సు మాటల కోసం వెతికేటప్పుడు నాలాగా తొమ్మిది అక్షరాలని పెట్టకండి. ఆస్మాసిస్‌కు ఏడే అక్షరాలు, ఆరోజు జాబితాలో అది రానేలేదు.